ఎవరూ పెట్టని వాత

డెబ్బైల్లో ఒక ఏడు, వానలు వెనకబట్టాక, ఏటూరునాగారం అడవిలో దిగాం. రెండు లారీల జవాన్లం. తెగిన దారిలో వాగు మీద వంతెన వేయాలని ఆర్డరు. మోకాలెత్తు గడ్డిలో డేరాలు పాతాం. బూట్లు ఎప్పుడూ తడే. నాది పాలకుర్తి పక్క ఊరు కాబట్టి ఊరివాళ్లతో మాట్లాడే పని నా నెత్తిన పడింది. వాళ్లు పిలిస్తే పలికేవారు కాదు. యూనిఫాం ఏ రంగుదైనా వాళ్లకు పోలీసే.

గడ్డి కోయడానికి ఊళ్లోంచి ఎల్లయ్య ఒక్కడే వచ్చాడు. ఒకరోజు తాళ్ల చుట్ట మాయమైంది. హవల్దారు ఎల్లయ్యను డేరాలో కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడిగాడు. చెయ్యి మాత్రం ఎవరూ చేసుకోలేదు. మర్నాడు చుట్ట మా లారీ కిందే దొరికింది.

కొద్దిరోజులకే ఎల్లయ్యకు జ్వరం. మా నర్సింగ్ అసిస్టెంటుతో గుడిసెకు వెళ్లాను. మొలతాడు కింద నల్లగా కాలిన మచ్చ. జ్వరానికి ఇనుము కాల్చి వాత పెట్టించడం మా వైపు మామూలే. అసిస్టెంటు అదే అనుకుని కసిరి, ఉత్త జ్వరం మాత్రలిచ్చాడు.

"వాత పెట్టిచ్చుకోలే సారూ," అన్నాడు ఎల్లయ్య. నమ్మలేదు మేము.

తర్వాత మా వైర్‌లెస్ ఆపరేటర్ జ్వరంతో పడిపోయాడు. మేం నీళ్లు తోడుకునే బావిలో ఊరివాళ్లు ఏదో కలిపారన్నాడు హవల్దారు. అనుమానం పెనుభూతమంటారు, బావి దగ్గర తుపాకీతో కాపలా పెట్టించాడు. రేడియోలో డాక్టరుకు లక్షణాలు చెప్పాను.

"కాలినట్టు నల్లమచ్చ ఉందేమో చూడు. ఓవర్."

"ఉంది సార్. బెల్టు కింద. ఓవర్."

గడ్డిలో ఉండే, కంటికి ఆనని పురుగు కుట్టిన మచ్చ అది. ఆ జ్వరం పేరు స్క్రబ్ టైఫస్ అన్నాడు డాక్టరు. ఆపరేటర్‌కు టెట్రాసైక్లిన్ వేసి, మిగిలిన క్యాప్సూళ్లతో ఎల్లయ్య ఇంటికి పరుగెత్తాను. భార్య గుమ్మానికి అడ్డం నిలబడింది.

"డేరాల కూసోబెట్టి బీడీతోని కాల్చిండ్రు. ఇప్పుడు మందని ఇది మింగిస్తరా?"

పురుగు సంగతి చెప్పాను, బతిమాలాను. కనబడని పురుగంటే ఆమె స్థానంలో నేనైనా నమ్మను. తెల్లారి వెళ్తే గుడిసె ఖాళీ. మాకు దొరక్కుండా మంచం మీద వాగు దాటించారట. ఆపరేటర్ లేచి అన్నం తింటున్న రోజునే ఎల్లయ్య పోయాడని తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. ఎవరి మీద కోపపడాలో తెలియలేదు.

వంతెన పూర్తయింది. దాని మీద మొదట దాటింది మా లారీలే. అవతలి ఒడ్డున ఎల్లయ్య భార్య, చంకలో బట్టల్లేని బిడ్డ. మమ్మల్ని చూడగానే ఆమె పరుగెత్తలేదు, తిట్టలేదు. బిడ్డ పొట్టను అరచేత్తో కప్పేసింది.