బస్‌షెల్టర్‌లో బెంచీ

కాలేజీ ప్రాజెక్టు కోసం ఈ రోజు కామారెడ్డిలో ఒక బస్‌షెల్టర్ దగ్గర కూర్చుని, జనం బస్సు కోసం ఎలా ఎదురుచూస్తారో రాసుకున్నాను. ఎల్లారెడ్డి వెళ్లే ఒక అవ్వ కింద కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

"బస్సు కోసం మీరు ఎట్ల కూసుంటరో రాస్తున్న, అవ్వ."

"నిరుడు ఒక పిల్ల గిట్లనే రాసుకపోయింది. అప్పుడు ఈడ బెంచీ ఉండె," అని అవ్వ బీడీకి దారం చుట్టింది.

ఆమె పక్కనే సిమెంటులో బెంచీ కాళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. నేను తలెత్తి పైకి చూశాను. 'పైన రేకులు ఉన్నాయి' అని రాసుకుని లేచాను. నిరుడు ఆ పిల్ల కూడా బెంచీ గురించి ఇలాగే రాసి ఉంటుంది.

వచ్చే ఏడు అటువైపు ఎవరైనా వెళ్తే, రేకులు ఉన్నాయో లేదో కాస్త చూసి చెప్పండి.