మంచు పడకముందు అడగని ఇల్లు

బాసూ మా ఊరి ముఖద్దం. అంటే ఊళ్ళో సర్కారు మనిషి. అతని ఇంటి మేడ మీద గదిలో మేం అద్దెకుంటాం. నేను బడిలో సైన్సు చెబుతాను. మా పాపకి ఇది మొదటి చలికాలం కావడంతో అది దగ్గినప్పుడల్లా కిటికీలోంచి కనుమ దారి వైపు చూడటం నాకు అలవాటైపోయింది.

అక్రోటు కాయలు దులిపే రోజుల్లో, మా లోయకంతటికీ పై అధికారైన ఖాయిద్ గారు అన్ని ఊళ్ళ ముఖద్దంలనీ ఆఫీసుకి పిలుస్తారు. ఏ ఊరికి ఎంత పిండి, ఎన్ని గ్యాస్ బండలు, బడికి ఎన్ని కట్టెలు, మంచు తోసే లోడరు ఎక్కడ నిలబెట్టాలి, అన్నీ అక్కడే తేలుస్తారు. వీటన్నిటికంటే కష్టమైన పని ఇంకోటుంది. మంచు రోజుల్లో కాన్పు వచ్చే ఆడవాళ్ళని ముందే కింద పట్నంలోని కాన్పుల ఇంటికి చేర్చాలి. కనుమ మూసుకుపోయాక ఎవరి వల్లా కాదు.

కష్టమెందుకంటే, మా లోయలో కడుపుతో ఉన్న సంగతి ఎవరూ చెప్పరు. దిష్టి తగులుతుందని భయం. నెలలైతే అసలే చెప్పరు.

"మీ కోడలికి ఎన్నో నెల, ఇజ్జా?" అని బాసూ ఒక గడప దగ్గర అడగడం నేను విన్నాను.

"నెలేంటి? దానికి కడుపుబ్బరం."

"ఆ ఉబ్బరం ఎప్పటికి తగ్గుద్దో?"

"గొర్రెలు ఈనే వేళకి తగ్గుద్దిలే, నీ కళ్ళు అవతలికి తిప్పు!"

బాసూ నవ్వుకుని, ఆమె చెప్పిన గడువులోంచి రెండు నెలలు తగ్గించుకున్నాడు. అందరికీ అంతే తగ్గిస్తాడు. "అందరూ ఒకేలా పొడిగించి చెప్పినప్పుడు అది అబద్ధం కాదు మాస్టారూ, అదో లెక్క" అన్నాడు నాతో. ఎప్పుడూ ఒకే తప్పు చూపే తక్కెడతో కూడా సరిగ్గా తూచొచ్చని నేను పిల్లలకి చెప్పే పాఠం అదే.

ఈ ఏడు అతని కోడలు తూదా కూడా కడుపుతో ఉంది. మామగారు కోడల్ని అడగడం ఇక్కడ సిగ్గుమాలిన పని. అతను వాకిట్లోకొస్తే ఆమె ముసుగు నుదుటి మీదికి లాక్కుని పక్కకి తప్పుకునేది. అందుకని భార్య ఇట్టోని అడిగాడు. "బాదం పూతకి" అంది ఇట్టో. అంటే మంచు కరిగాక. అంతే, నమ్మేశాడు. తన ఇంటి మాటలోంచి ఏమీ తగ్గించలేదు. మిగతా ఇళ్ళ ఆడవాళ్ళని అంబులెన్సు ఎక్కించి, ఊళ్ళో ఇక ఎవరూ లేరని ఖాయిద్ గారికి చెప్పాడు.

బాదం కొమ్మలింకా మోళ్ళుగా ఉండగానే, దారంతా మంచు కప్పేసిన ఒక ఉదయం, తూదాకి ఉమ్మనీరు పోయింది. కాన్పులు చేసే ముసలమ్మ లోపలికెళ్ళి వెంటనే బయటికొచ్చింది.

"కాలు ముందొస్తోంది. ఇది నా చేతుల్లో లేదు బాబూ. కిందికి తీసుకుపోండి."

ఫోను అందేది డాబా మీదే. బాసూ ఎక్కాడు, వెనకే నేనూ.

"మీ ఊళ్ళో ఎవరూ లేరన్నావు కదయ్యా!" ఖాయిద్ గారి అరుపు నాక్కూడా వినపడింది. "లోడరు అవతలి లోయకెళ్ళింది!"

"సిదీ, అయ్యా... నా కోడలు."

అటు ఖాయిద్ గారి గొంతు తగ్గింది. "వెనక్కి తిప్పిస్తాను. వెనకే అంబులెన్సు పంపుతా. మీరు ఎదురు రండి."

అతను దిగొచ్చి భార్య ముందు నిలబడ్డాడు. "నాక్కూడా దాచావా?"

"నీకు చెబితే ఊరికి చెప్పినట్టేగా!" ఇట్టో ఏడుస్తూ అరిచింది. "ఇంటింటి సంగతీ చెప్పడమేగా నీ పని!"

బాసూ పార తీసుకున్నాడు.

నిచ్చెన మీద దుప్పట్లు పరిచి తూదాని పడుకోబెట్టాం. కొందరం మోస్తుంటే మిగతావాళ్ళు ముందు మంచు తవ్వారు. తవ్విన చోటే గాలి మళ్ళీ నింపేస్తోంది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆగాల్సి వచ్చింది. ఆమె ముసుగు ఎప్పుడో జారిపోయింది. బాసూ చెయ్యి పట్టుకుని, "మామా, చచ్చిపోతానా?" అంది.

"ఛీ, ఏం మాటలమ్మా అవి. అదుగో, లోడరు చప్పుడు."

నాకు ఏ చప్పుడూ వినపడలేదు. ఆమె భర్త పేరు అక్కా. అతనూ తల పైకెత్తి విన్నాడు, మళ్ళీ వంచుకుని తవ్వాడు.

నిజంగా చప్పుడు వినపడేసరికి తూదా మాట్లాడటం మానేసింది. మలుపులో లోడరు ఆగింది, వెనక నుంచి అంబులెన్సు వచ్చింది. నర్సు ఆమెనీ భర్తనీ లోపలికెక్కించి తలుపేసుకుంది. బయట మేమంతా పారల మీద వాలి నిలబడ్డాం. తూదా కేక ఒకటి వినపడింది. ఆ తర్వాత బిడ్డ ఏడుపు కోసం చెవులు రిక్కించాం. రాలేదు.

తలుపు తెరుచుకుంది. "తల్లికి రక్తం ఆగింది, బతుకుతుంది. ఇప్పుడే దింపాలి" అంది నర్సు. చేతిలోని కదలని గుడ్డమూటని ఎవరికివ్వాలో తెలియక మా మొహాలు చూసింది. తూదా భర్త లోపల ఆమె తల పట్టుకుని ఉన్నాడు. బాసూ చేతులు చాచాడు.

"ఆడపిల్ల" అంది నర్సు.

బండ్లు కిందికి వెళ్ళిపోయాయి. బాసూ తన పొడుగు అంగీ జెల్లాబా లోపలికి మూటని దోపుకుని, గాలి తగలకుండా టోపీ అంచు దాని మీదికి లాగాడు. జేబులో ఫోను మోగుతోంది. ఎత్తలేదు. ఇట్టో ఎదురుచూస్తున్న ఊరివైపు మేం తవ్విన దారిలోనే నడిచాడు. అప్పటికే అది సగం పూడిపోయింది.