కొబ్బరికాయలకు జారుముడి

ఆ రోజుల్లో మా కోనసీమలో పిల్లలకు ఈత నేర్పించడానికి పెద్ద హంగామా ఏమీ ఉండేది కాదు. వలవని ఎండు కొబ్బరికాయలు రెండింటిని తాడుతో జంట కట్టి, ఆ తాడు పొట్ట కింద ఉండేలా పిల్లాడి నడుముకు బిగించి కాలువలోకి దింపేవారు. కాయలు తేలితే పిల్లాడూ తేలేవాడు. చెప్పుకోవడానికి ఇంతే. కానీ ముగ్గురు పిల్లల్ని తయారుచేసి ఆ కాలువ గట్టు దాకా తీసుకెళ్లడం ఉందే, ఆ పాట్లు పగవాళ్లకు కూడా వద్దు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయిపోయి మా ఊరి కాన్వెంటులో ఒకటో తరగతికి పాఠాలు చెబుతున్నాను. నలభైమందిని కంటిచూపుతో కూర్చోబెట్టగలనని నాకు మహా గొప్ప. (ఆ గొప్పంతా ఆ వేసవిలోనే దిగిపోయింది.)

ముగ్గురూ మా అక్క పిల్లలు. అక్క కువైట్‌లో పనికి వెళ్తూ వాళ్లను అమ్మకూ నాకూ అప్పగించింది. అంతకుముందు ఏడాది చిన్నాడు రేవులో కాలుజారి మునిగిపోతుంటే ఎవరో జుట్టు పట్టుకుని పైకి లాగారు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి అక్కకు అక్కడ కంటిమీద కునుకు లేదు. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "కాలువ కట్టేసేలోపు ఆడికి ఈత వచ్చేయాలే. ఇంకేం అడగను నిన్ను." వేసవిలో మా కాలువలకు నీళ్లు ఆపేస్తారు. ఒంటిపూట బడులు మొదలయ్యాక అప్పటిదాకా ఉండే నాలుగు వారాలే మా గడువు.

రేవులో ఈత నేర్పే తాతగారు నాలుగింటికి నీళ్లలోకి దిగి, ఐదు కాగానే పైకి వచ్చేసేవారు. మేము రెండున్నరకే మొదలుపెట్టేవాళ్లం. పెద్దాడికి నూనె రాయబోతే చక్కిలిగింతలు, ఇల్లంతా పరుగు. నడిపిది కాలువకు వెళ్లడానికి కూడా మొహానికి పౌడరు రాయమనేది. "నీళ్లలో పోతుందే" అంటే, "దారిలో ఉంటుంది కదా పిన్నీ" అనేది. మిగతావాళ్లంతా రేవులోనే కాయలు కట్టుకునేవారు. నేను మాత్రం టైము కలిసొస్తుందని (టీచరు తెలివి!) ఇంట్లోనే కట్టేసేదాన్ని. కాయలు ఊపుకుంటూ వీధిలో వెళ్తుంటే అరుగుల మీదవాళ్లు, "ఏమండీ టీచరుగారూ, లోడు అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకాండీ?" అనేవారు. ఇక చిన్నాడు. ముడి బిగించిన మరుక్షణం, ఒక్కరోజూ తప్పకుండా, "పిన్నీ, ఒకటికి" అని వేలు చూపించేవాడు. "ఇందాకేగా అడిగేను!" అని అరిస్తే, "అప్పుడు రాలేదు" అనేవాడు. తాడు నిక్కరు మీదుగా ఉండేది కాబట్టి మొత్తం విప్పాల్సిందే. నూనె చేతులతో ఆ ముడి విప్పలేక నా గోళ్లన్నీ విరిగాయి. చివరికి విసుగెత్తి, కొస పట్టి ఒక్కసారి లాగితే ఊడొచ్చే జారుముడి వేయడం మొదలుపెట్టాను. ఇంత చిన్న కిటుకు ఊళ్లో ఎవరికీ తట్టలేదేమిటా అని మురిసిపోయాను కూడా.

అయినా రోజూ రేవు చేరేసరికి నాలుగుంపావు, నాలుగున్నర. పెద్దాడూ నడిపిదీ ఎలాగో నేర్చేసుకున్నారు. చిన్నాడు మాత్రం కాయలు విప్పుతానంటే ఊరంతా వినబడేలా ఏడ్చేవాడు. చూస్తుండగానే ఆఖరి రోజు వచ్చేసింది. మర్నాడు కాలువ కట్టేస్తారు. నీళ్లు అప్పటికే తగ్గుముఖం పట్టాయి. అక్కకు ఏం చెప్పాలో తెలియక మెట్టు మీద కూర్చుని ఉన్నాను. అంతలో చిన్నాడి కాయలు రెండూ ఒక పక్కకి, చిన్నాడు ఒక పక్కకి వెళ్తూ కనిపించారు. నా జారుముడి! నాకు ఈత రాదన్న సంగతి కూడా మరిచి, చీరతోనే దూకేశాను. (కోనసీమలో పుట్టి ఈత రాకపోవడమేమిటంటారా? మా ఇంట్లో ఆడపిల్లలకు కాయలు కట్టలేదండీ. అన్నయ్య బట్టలు పట్టుకుని గట్టు మీద కూర్చోవడమే మా వంతు.)

బురదలో కాలు జారి నాలుగు గుక్కలు మింగాను. "టీచరుగారూ, నిలబడండి! నడుం లోతేనండీ!" అని తాతగారు కేకలేస్తున్నారు. నిలబడి కళ్లు తుడుచుకుని చూస్తే, ఎదురుగా చిన్నాడు. కాయలు పోయిన సంగతే తెలియక, చేతులు టపటపా కొడుతూ నా దగ్గరికి ఈదుకుంటూ వస్తున్నాడు. వచ్చి నా మెడ పట్టుకుని, ఎంతో జాలిగా అడిగాడు: "పిన్నీ, నీకెవరూ కాయలు కట్టలేదా?"

రేవంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను, వాణ్ణి పట్టుకుని ఏడ్చాను కూడా. అక్కకు ఫోన్లో "వచ్చేసిందే" అని ఒక్క మాటే చెప్పాను. అటునుంచి ముక్కు ఎగబీల్చడం వినిపించింది. ముడి సంగతి మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆ చిన్నాడికి నాలుగేళ్ల కూతురు. దాన్ని ఈతకు తయారుచేయలేక నాకు ఫోన్ చేసి విసుక్కుంటాడు. వింటుంటే నాకు ఎంత హాయిగా ఉంటుందో! మొన్న అన్నాడు: "కాయలు రెండు జతలు తెచ్చేను పిన్నీ. ఒకటి పాపకి, ఒకటి నీకు. ఆదివారం వచ్చెయ్." ఈ వయసులో నాకెందుకురా అందామనుకున్నాను. నోరు మాత్రం వేరే మాట అనేసింది.

"వస్తాను గానీ, ముడి నువ్వే వెయ్యరా. నా ముడి మీద నాకు నమ్మకం లేదు."