బావ వదిలిన ధార, బుడ్డదాని ముందు పళ్లు

మా బావని మీరు ఒక్కసారైనా కలిసి తీరాలి. అక్క మొగుడు, ప్లంబరు. మూడో అంతస్తులో నీళ్లు రాకపోతే కింద గోడకి చెవి ఆనించి, అడ్డం ఎక్కడ పడిందో చెప్పేస్తాడు. అలాంటి మనిషి సొంత కూతురి కడుపు దగ్గర బోల్తా పడ్డాడు. ఆయన ఒక్కడే పడి ఉంటే నేనింత రాసేదాన్ని కాదు. పక్కనే నిలబడి సలహాలిచ్చిన డిగ్రీ మేధావిని నేనే.

బుడ్డదానికి రెండున్నరేళ్లు. ఒకసారి దొడ్డికి గట్టిగా వచ్చి నొప్పెట్టింది. అంతే, ఇక రానిచ్చేది లేదని పంతం పట్టింది. వచ్చేలా ఉంటే చాలు, కర్టెన్ వెనక్కి పోయి, మునివేళ్ల మీద నిలబడి, కాళ్లు బిగించి, ముఖం ఎర్రగా చేసుకునేది. ఇలా నాలుగేసి రోజులు. బిగబట్టేకొద్దీ లోపల రాయవుతుంది, రాయయ్యేకొద్దీ నొప్పి ఇంకా ఎక్కువ. అక్కకి బట్టల మిల్లులో పగటి డ్యూటీ కాబట్టి కాపలా నాదీ, పని లేనప్పుడు బావదీ.

పిల్లల డాక్టరు పాలు తగ్గించి పండ్లూ నీళ్లూ పెంచమంది. అన్నంతో పాటు చిన్న కప్పులో సగం పియర్ పండు రసం ఇవ్వమంది. రెండో రోజుకే పని జరిగింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. బావకి తన వృత్తి గుర్తొచ్చింది.

"ఒకేసారి కుమ్మరిస్తే అడ్డం కదలదు మరదలా. సన్నగా ధార వదలాలి. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆగకూడదు."

నాకది శుద్ధ సైన్సులా వినిపించింది. వెంటనే రంగు పెన్నులతో గంటగంటకీ టైంటేబుల్ గీసి ఫ్రిజ్‌కి అంటించాను. రసం కప్పులోంచి పాలసీసాలోకి మారింది. బుడ్డది దాన్ని నోట్లో పెట్టుకునే ఆడేది, పెట్టుకునే నిద్రపోయేది. పని మాత్రం రోజూ జరిగేది. జరిగినప్పుడల్లా టైంటేబుల్ మీద ఓ నక్షత్రం అంటించి, డాక్టరేట్ వచ్చినంత సంబరపడేదాన్ని. మూడు నెలలకి నక్షత్రాలకి చోటు చాల్లేదు.

ఒక సెలవు రోజు అక్క బుడ్డదానికి పళ్లు తోముతూ ఆగిపోయింది. పై ముందు పళ్ల మీద, చిగుళ్లని ఆనుకుని, సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చారలు. అక్క నావైపు చూడలేదు, టైంటేబుల్ వైపు చూసింది. నన్ను తిట్టినా అంత కుచించుకుపోయేదాన్ని కాదు.

బావా నేనూ దాన్ని పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడకి సాయపడదామని నేను టైంటేబుల్ ఫోటో కూడా చూపించాను. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఇంత పద్ధతిగా పళ్లు పాడుచేసినవాళ్లని నేనింతవరకూ చూడలేదమ్మా" అంది.

తర్వాత విడమరిచి చెప్పింది. పండ్ల రసమైనా తీపే. గుక్కగుక్కకీ పళ్ల మీద ఆమ్లం పుడుతుంది, మధ్యలో నోరు తేరుకోవడానికి సమయమివ్వాలి. చారలింకా గుంటలు కాలేదు, ఇప్పుడు ఆపితే పళ్లు దక్కుతాయి, లేదంటే విరిగిపోతాయి. ఫ్లోరైడ్ పూత వేసి, సీసా మానిపించమంది. బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకి రెండుసార్లు పెద్దవాళ్లే తోమాలంది.

ఇంటికి రాగానే బావ గుమ్మంలో చెప్పులు విప్పుతూ అన్నాడు. "ఎప్పుడూ తడిగా ఉండే జాయింటే ముందు తుప్పు పడుతుందని ఊరందరికీ చెప్తా. నా బిడ్డ దగ్గరే మర్చిపోయా."

మేమిద్దరం ఏది చేసినా అతిగానే కదా. సీసాతో పాటు రసం కూడా పూర్తిగా మానేశాం. మూడో రోజుకి బుడ్డది మళ్లీ కర్టెన్ వెనక. కడుపు డప్పులా ఉంది. బావ పిల్లల డాక్టరుకి ఫోన్ చేసి, ఆవిడ చెప్పిన మందు తేవడానికి దుకాణానికి పరిగెత్తాడు. అక్క మిల్లులో ఉంది. ఇంట్లో నేనూ, బుడ్డదీ.

"పిన్నీ, బాటిల్" అని వెక్కుతోంది. పారేశానని బావ చెప్పిన సీసా ఆయన పనిముట్ల పెట్టెలో, రెంచీల కింద దొరికింది. కడిగి, నిండా రసం పోసి, మూత బిగించాను. బుడ్డది రెండు చేతులూ చాచింది. అప్పుడే తలుపు తెరుచుకుంది.

బావ మందు పక్కన పెట్టాడు. సీసా తీసుకుని, మూత విప్పి, సగం కప్పుకి రసం వంపి మిగతాది పారబోశాడు.

"రసం మీద అలిగితే ఎలా? తప్పు ధారది" అన్నాడు.

ఏడుస్తుంటేనే అన్నం తినిపించి, మందు వేసి, కప్పుతో రసం తాగించి, వెనకాలే నీళ్లు పట్టించాడు. దాన్ని టాయిలెట్‌పై దాని చిన్న సీటు మీద కూర్చోబెట్టి, కాళ్లు వేలాడకుండా కింద పనిముట్ల పెట్టె పెట్టాడు. బయట పెట్టిన రెంచీలు ఒక్కోటీ చూపిస్తూ దాని కథ చెప్పాడు. ఆ రోజు కథలే అయ్యాయి, పని కాలేదు. మర్నాడు పొద్దున టిఫిన్ తిన్నాక, ఎనిమిదో రెంచీ దగ్గర, "నాన్నా, అయిపోయింది" అంది. నేను అలవాటుగా నక్షత్రం తీస్తే, బుడ్డది లాక్కుని నా నుదుటికి అంటించింది.

ఇప్పుడు కప్పు భోజనం వేళే బయటికొస్తుంది. చారలు పోలేదు, పెరగనూ లేదు. కానీ ఒకటి మాత్రం నన్ను వదలడం లేదు. బావ ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే ఆ సీసా నేనే ఇచ్చేసి ఉండేదాన్ని. ఒకపక్క పళ్లు, ఒకపక్క కడుపు, ఎదురుగా చాచిన చేతులు. మీరైతే ఏం చేసేవాళ్లు?