తోలు మందం

అతను ఉద్యోగంలో చేరిన రోజే ఆవిడ గుర్తుపట్టిందా? గుర్తుపట్టిందన్న సంగతే పన్నెండేళ్ళు పక్కపక్కన కూర్చుని, ఒకే ఫ్లాస్కులో టీ తాగాక బయటపడింది. ఎప్పుడు గుర్తుపట్టిందో మాత్రం ఇప్పటికీ అంతుపట్టలేదు.

కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ ఆవిడది. అందరికీ కిటికీ అక్కయ్య. కరెంటు పోయినవాళ్ళంతా ముందు ఆవిడ మీదే విరుచుకుపడేవారు. ఆవిడ తలెత్తకుండా రాసుకుని, "మనిషిని పంపిస్తానండీ" అనేది. భర్త పోయినప్పుడు కూడా వారం తిరిగేసరికి వచ్చి కూర్చుందని, కంట తడైనా లేదని ఆఫీసులో చెప్పుకునేవారు. పక్క బల్ల గుమాస్తా ఇంగ్లీషు పుస్తకాల పురుగు. అతని పేరు నిఘంటువైపోయింది.

అక్కయ్య రిటైరైన రోజు పెద్దాఫీసరు మైకు పట్టుకున్నాడు. తెలుగు ఆయనకి నేర్చుకున్న భాష. ఇంగ్లీషులో అనుకున్నది అనుకున్నట్టే తెలుగు చేసేశాడు.

"ఈమెకు తోలు మందం. అందుకే ఇన్నేళ్ళు నిలబడింది."

వెనక బెంచీ నుంచి లైన్‌మన్ అందుకున్నాడు.

"నిజమే సార్. అక్కయ్యని ముట్టుకుంటే కరెంటుకే షాకు కొడుతుంది."

జనం విరగబడి నవ్వారు. తన మాటకే అనుకుని ఆఫీసరూ నవ్వాడు. అక్కయ్య పూలగుత్తి బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

నిఘంటువుకి ప్రాణం చివుక్కుమంది. ఆ మాట మోసుకుంటూ ఆవిడ ఇంటికి వెళ్ళకూడదనుకుని వెనకే వెళ్ళాడు. ఆవిడ కుర్చీలోని దిండు సంచిలో కుక్కుకుంటోంది.

"ఆయన తిట్టలేదక్కయ్యా. ఇంగ్లీషులో అది మెచ్చుకోలు. ఎవరేమన్నా మనసుకి తగలని గట్టి మనిషని."

"తగల్లేదని ఎవరు చెప్పారు తమ్ముడూ?"

ఆవిడ దిండు లోపలికి నొక్కుతూనే చెప్పింది.

"నువ్వు చేరకముందు, వానలో తడిసి ఒక కుర్రాడొచ్చాడు. నీలం గళ్ళ చొక్కా, పై గుండీ లేదు. రెండ్రోజులుగా కరెంటు లేదు, నాన్నకి ఊపిరాడట్లేదన్నాడు. రాసుకుంటున్నానన్నా. 'మీ ఇంట్లో శవం లేస్తే తెలుస్తుంది నీకు' అన్నాడు."

ఫిర్యాదు నంబరు చెప్పే గొంతే అది. కోపం లేదు.

"అప్పటికి మా ఇంట్లో లేచి తొమ్మిది రోజులు."

అతని చెయ్యి తనంతట తానే మెడ దగ్గరి గుండీ మీదికి వెళ్ళింది. ఆ రోజుది అతనికి గుర్తున్నది ఒక్కటే: సాయంత్రానికల్లా కరెంటు వచ్చింది. గట్టిగా నాలుగు దులిపితే గానీ ఇక్కడ పని జరగదని, ఈ గదిలోనే, ఆవిడ పోసిన టీ తాగుతూ ఎన్నిసార్లు గొప్పలు పోయాడో.

"అక్కయ్యా, ఆ కుర్రాడు..."

"నాన్నగారికి తగ్గిందిగా, అంతే చాలు" అంటూ ఆవిడ సంచి జిప్పు లాగింది.

రోజూ "వస్తా తమ్ముడూ" అనందే మెట్టు దిగని మనిషి. అతను ఖాళీ కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. కిటికీ అవతల, ఎప్పుడూ జనం నిలబడే చోటు మీదుగా ఆవిడ నడిచి వెళ్ళింది. గేటు దాటింది. వస్తాననలేదు.