మామ విప్పని శారీగార్డు

నా చిన్నప్పుడు పలమనేరులో మా వీధి మొదట్లో మోటారు సైకిలు శబ్దం వినబడగానే మా అమ్మ కంచం కడిగి పెట్టేది. వచ్చేది మా మామే. అమ్మకు తమ్ముడు, పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. అత్త కామెర్లతో పోయాక మా పక్క వాటాలో ఒక్కడే ఉంటూ, రెండు పూటలా మా ఇంట్లోనే తినేవాడు. తినేవాడు అనడమే గానీ, సంగటిలో వేళ్లు ఆడించి లేచిపోయేవాడు.

ఆ మోటారు సైకిలు ఒకప్పుడు మిలిటరీది. పెళ్లైన కొత్తలో మామ దాన్ని రాయవేలూరు నుంచి పాతదిగా కొని తెచ్చాడు. సిపాయిల బండికి శారీగార్డు ఎందుకుంటుంది? చక్రం చీరను లాగేస్తుందని అత్త ఎక్కనంటే ఎక్కనంది. మామ కమ్మరి దగ్గర కూర్చుని ఇనుప కమ్ములు వంపించి, వెనక చక్రానికి ఎడమవైపు అడ్డంగా ఒక గార్డు చేయించాడు. కమ్ముల నడుమ చిలక బొమ్మ కూడా పెట్టించాడు. ఆ చిలకకు అత్తే ఆకుపచ్చ రంగు వేసింది, ముక్కుకు మాత్రం ఎరుపు. ఆ తరువాత ఆమెకు భయం పోయింది. పక్కకు తిరిగి కూర్చుని, ఒళ్లో పూలబుట్ట పెట్టుకుని, మొగిలి గుడికీ కాణిపాకానికీ మామతో వెళ్లి వచ్చేది. వాళ్లు వెళ్తుంటే వీధంతా చూసేది. ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు.

అత్త పోయిన మరుసటి ఏడు మామకు అడవి అంచు పల్లెలు అప్పగించారు. బాట సగం దూరమే ఉండేది. మిగతాదంతా రాతి గుండ్లు, వాగుల్లాంటి వంకలు, ఇసుక. అందుకని ఆదివారమైతే చాలు, ఇంటి ముందు గోనెపట్ట పరుచుకుని బండిని ఊడదీసి కూర్చునేవాడు. వంకల్లో నీళ్లు దూరకుండా సైలెన్సరు గొట్టాన్ని సీటు ఎత్తుకు వంచి కట్టాడు. ఇంజను అడుగున గుండ్లు తగలకుండా, పాత ఎద్దులబండి చక్రం పట్టాను సాగగొట్టించి బిగించాడు. బురద ఇరుక్కోకుండా ముందు మడ్‌గార్డును జానెడు పైకి లేపాడు. గుండ్ల మీద పట్టు తప్పకుండా హ్యాండిలుకు రెండు పక్కలా నీళ్ల పైపు ముక్కలు అతికించాడు. అమ్మ చూసి, ఇది బండా, కొమ్ములు తిరిగిన దున్నపోతా అని నవ్వబోయి, తమ్ముడి మొహం చూసి ఊరుకుంది.

అన్నీ మార్చాడు గానీ శారీగార్డును మాత్రం ముట్టుకోలేదు. కమ్మరి రెండు మూడుసార్లు చెప్పి చూశాడు. ఆ కమ్ముల సందున బురద బిగిస్తే చక్రం తిరగదు, విప్పేద్దాం సామీ అని బతిమాలాడు. మామ విననట్టే ఉండిపోయాడు. పని అంతా అయ్యాక నూనె గుడ్డతో ఆ చిలకను తుడిచి, అప్పుడు చేతులు కడుక్కునేవాడు. వెనక కూర్చునే మనిషి లేదు, ఆమె చీర కోసం చేసిన గార్డు మాత్రం ఉంది. మాకందరికీ తెలుసు. ఎవరమూ ఆ మాట ఎత్తేవాళ్లం కాదు.

ఆ ఏడు కార్తీకంలో ముసురు పట్టింది. అడవి అంచు పల్లె నుంచి ఒకాయన తడిసి ముద్దయి వచ్చి, ఫలానా అవ్వ ఆవు ఈని పడిపోయింది, లేవడం లేదని చెప్పాడు. ఆ అవ్వకు పిల్లలు లేరు, ఉన్నది ఆ ఒక్క ఆవే. పాలు పోసుకుని బతికేది. అది పాలజ్వరమని మామకు వినగానే తెలిసింది. వేళకు ఒక్క సీసా మందు నరంలోకి ఎక్కిస్తే లేచి నిలబడే జబ్బు. ఆలస్యమైతే ఎవరూ ఏమీ చేయలేరు. మామ మందు సీసాలు గుడ్డలో చుట్టి రేకు పెట్టెలో పెట్టుకుని, అన్నమైనా తినకుండా బయలుదేరాడు.

సాయంత్రానికి బండిని తోసుకుంటూ వచ్చాడు. ఒళ్లంతా ఎర్రమట్టి. అరుగు మీద కూర్చుని, అమ్మ అడగ్గా అడగ్గా చెప్పాడు. వంక దాటాడట, గుండ్లు ఎక్కాడట. తాను మార్చిందేదీ మోసం చేయలేదట. పల్లె ఇంకా కోసెడు దూరం ఉందనగా శారీగార్డు సందులో మట్టి బిగుసుకుని వెనక చక్రం నిలిచిపోయింది. పుల్లతో గెలికాడు, చేత్తో పెరికాడు. నాలుగడుగులు పోగానే మళ్లీ బిగిసింది. చివరికి బండిని అక్కడే వదిలి, పెట్టె నెత్తిన పెట్టుకుని పరిగెత్తాడు. అతను పోయేసరికి అవ్వ ఆవు తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. దాని కళ్లు అప్పటికే నిలబడిపోయాయి. పక్కన దూడ ఆ చల్లబడిన పొదుగును వెతుక్కుంటూ ఉంది.

ఆ పూట మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

తెల్లారాక స్పానరు చప్పుడుకు నేను బయటికి వచ్చాను. మామ గోనెపట్ట మీద కూర్చుని శారీగార్డు మరలు విప్పుతున్నాడు. తుప్పు పట్టి రావడం లేదు. కళ్ల నీళ్లు గడ్డం మీదికి కారుతున్నా తుడుచుకోవడం లేదు. పెద్దవాళ్లు అలా ఏడవగా నేను అంతకుముందు చూడలేదు, భయం వేసింది. నన్ను చూసి, విప్పిన మరలు పట్టుకోమని నా చేతిలో పోశాడు.

"మీ అత్త దీంట్లో లేదు పాపా. నేనే తెచ్చి ఈడ కట్టేసినా. ఆమే ఉండింటే ఎప్పుడో తీసెయ్యమని చెప్పిండును."

ఆ గార్డును మా పెరట్లో చిక్కుడు పాదు పక్కన నిలబెట్టాడు. తరువాత సీసాల్లో పాలు పోసుకుని, దూడకు తాపించడానికి బయలుదేరుతూ నన్ను కూడా రమ్మన్నాడు. నేను పావడా సర్దుకుని అత్తలా పక్కకు తిరిగి ఎక్కబోతే వద్దన్నాడు. ఇప్పుడు గార్డు లేదు, అటొక కాలు ఇటొక కాలు వేసి పావడా గట్టిగా దోపుకుని కూర్చోమన్నాడు. ఆడపిల్ల మొగపిల్లోడి మాదిరి కూర్చోవడమేమని అమ్మ గొణిగింది గానీ అడ్డుపడలేదు. దారి పొడవునా మట్టి చక్రాన్ని అంటుకోవడం, దానంతటదే రాలిపోవడం నాకు కనబడుతూనే ఉంది. మామకూ తెలుస్తూనే ఉండాలి.

అవ్వ గుడిసె ముందు, ఇదివరకు ఆవును కట్టేసే గూటానికే దూడను కట్టి ఉంచింది. ఆవు మెడలోని గంట అప్పుడే దూడ మెడకు చేరింది. అంత చిన్న మెడకు అంత పెద్ద గంట. మామ దాన్ని చూసి అక్కడే మోకాళ్ల మీద కూలబడి, తప్పు నాదేనవ్వా అన్నాడు. అవ్వ అతని తల నిమిరింది.

"ఆ వానలో నువ్వు పరిగెత్తుకుంటా వచ్చింది నేను సూడలేదా నాయనా. గంట ఉత్తగా చూరుకు యాలాడితే ఏం లాభం? దీని మెడలో ఉంటే, ఇది యాడికి పోయినా నాకు తెలుస్తాది."

దూడ బతికింది. మామ దాని వంకతో చాలాకాలం ఆ పల్లెకు తిరిగాడు. ఇంకో పెళ్లి మాత్రం చేసుకోలేదు. ఇప్పుడు మామా లేడు, అవ్వా లేదు. చిలక రంగంతా పోయి, చిక్కుడు తీగ కింద తుప్పుగా రాలిపోయింది.

మా ఆయన పోయిన తరువాత నేనూ అదే పని చేశాను. ఆయన మంచం మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు, దుప్పటి మడతైనా మార్చలేదు. మొన్నామధ్య మోకాళ్లు అరిగిన మా అక్క నన్ను చూడవచ్చి, ఆ మంచం పక్కనే నేల మీద చాప పరుచుకుంటోంది. ఒక చేయి గోడకు ఆనించి, మూలుగుతూ మెల్లగా వంగుతోంది. నాకు ఆ వంక దాటిన చోట మట్టి బిగుసుకుని నిలిచిపోయిన చక్రం కనబడింది. లేచి, ఆయన దుప్పటి తీసేసి, ఉతికిన దుప్పటి పరిచి అక్కను మంచం మీద పడుకోబెట్టాను. పరుస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను. ఏడవకుండా విప్పాలని మామ నాకు నేర్పలేదు.