వెండి కాగితానికి దొరికిన పురుగుమందు

కడుపుతో ఉన్న పెద్ద మనవరాలి కోసం మా క్వార్టర్ వెనుక మందు కొట్టకుండా చిక్కుడు పెంచాను. ఈ రోజు కాలేజీలో పరిశోధన చేసే చిన్న మనవరాలు చేతిలో పట్టేంత మిషన్ తెచ్చింది. సన్నటి వెండి రేణువులు పూసిన కాగితాన్ని కాయకు రుద్ది, ఆ కాగితం మీద మిషన్‌తో లేజర్ వెలుగు వేసింది. మిషన్ పురుగుమందు ఉందని చూపించింది!

"వేపనీళ్లే కొట్టిన బిడ్డా!"

"దేంతోని కొట్టినవ్ అవ్వా?"

"మీ తాత పత్తికి మందు కొట్టిన పంపుతోని. మూడుసార్లు కడిగిన గదా!"

"గదే మరి. రవ్వంత మిగిలినా ఈ వెండి పట్టిస్తది."

తక్కువే ఉంది, ఫికర్ చెయ్యకు అంది. నేను ఆగుతానా? కాయలన్నీ పారేశాను. ఇంతలో పెద్దది వంటింట్లోకి వచ్చి, "నిన్నటి చిక్కుడుకాయ కూర మస్తుండె, ఇయ్యాల వండలేదా?" అని అడిగింది.

మీరైతే ఏం చెప్తారు?